భుజానికి తగ్గ తుపాకి

చీర ఎంచమనండి, ఎంచుతాను. లేత వంకాయ ఏదో ముదురు వంకాయ ఏదో గోరు గుచ్చకుండానే చెప్పగలను. పెళ్ళిచూపుల్లో పిల్ల మొహం చూసి ఇష్టమో కాదో కనిపెడతానని మా చుట్టాల్లో నాకో చిన్న పేరుంది కూడా. కాని జింకను కొట్టడానికి పన్నెండేళ్ళ పిల్లాడికి ఎలాంటి తుపాకి కొనాలో చెప్పమని ఎవరైనా నన్ను అడుగుతారని, అందులోనూ నవలలు రాసుకునే దాన్ని పట్టుకుని అడుగుతారని, నేనెన్నడూ అనుకోలేదు.

అడిగింది మా చెల్లెలు. అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలో, మాడిసన్‌కి కాస్త దూరంగా ఒక చిన్న ఊళ్ళో ఉంటారు వాళ్ళు. అక్కడ తుపాకితో జింకల వేటకి ఏడాదికి తొమ్మిది రోజులు ముఖ్యమైన గడువు. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగకి ముందు శనివారం మొదలవుతుంది. ఆ తొమ్మిది రోజులూ మన సంక్రాంతి హడావిడే అనుకోండి, కోడిపందాల బదులు జింకలు. తాతలూ, తండ్రులూ, మనవలూ తెల్లారకుండా లేచి అడవికి పోతారు. బళ్ళో వీడి స్నేహితులందరూ పోతారు. వీడు మాత్రం ఇంట్లో కూర్చుని లెక్కలు చేసుకోవాలి. ఎందుకు ఊరుకుంటాడు?

“అక్కా, వీడు పేచీ పెడుతున్నాడు. వాళ్ళ నాన్నా వాడి వైపే. నువ్వైనా ఏదో ఒకటి చెప్పు” అంది ఫోనులో.

“వద్దని చెప్పు” అన్నాను చటుక్కున. ఏ తల్లయినా, ఏ పెద్దమ్మయినా ముందు అనే మాట అదే కదా! పైగా ఆ దేశం సంగతి మనకి తెలియంది కాదు. 2020 నుంచీ అక్కడి పిల్లల, కుర్రాళ్ళ చావులకి మొదటి కారణం తుపాకులే. కార్ల ప్రమాదాలని కూడా దాటిపోయాయి. అలాంటి చోట చేజేతులా ఇంట్లోకి తుపాకి తెచ్చుకోవడమేమిటి?

మన దగ్గరైతే ఈ ప్రశ్న పుట్టనే పుట్టదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక జింక మీద తుపాకి ఎత్తితే జైలే. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు కూడాను. 1998లో జోధ్‌పూర్ దగ్గర కృష్ణజింకల్ని చంపారన్న కేసు సల్మాన్ ఖాన్ అంతటి వాణ్ణి ఇరవై ఏళ్ళు వెంటాడింది. 2018లో అక్కడి కోర్టు ఐదేళ్ళ శిక్ష వేసింది. ఇక తుపాకి లైసెన్సా, 21 ఏళ్ళు నిండాలి. మనకి సౌకర్యంగా చట్టమే “వద్దు” అనేస్తుంది, తల్లికి ఆ శ్రమ ఉండదు.

మా మరిది మంచివాడు, నెమ్మదస్తుడు. అతను ఫోను అందుకుని, “వదినగారూ, ఇక్కడ తోడేళ్ళనీ కొండసింహాల్నీ మనుషులు తరిమేశారు. జింకల్ని తినే జంతువు లేక అవి మందలు మందలుగా పెరిగిపోయాయి. చేలు మేస్తాయి, రాత్రిళ్ళు కార్ల కింద పడతాయి, చలికాలం మేత చాలక చస్తాయి. అందుకని ప్రభుత్వమే ఇన్ని కొట్టమని లెక్క కట్టి అనుమతి ఇస్తుంది” అని చెప్పుకొచ్చాడు. తుపాకుల మీదా తూటాల మీదా వేసే పన్ను అడవి జంతువుల సంరక్షణకే ఖర్చు పెట్టాలని 1937లోనే చట్టం చేశారట. విన్నాను. అయినా మనసొప్పలేదు. అప్పుడతను మరో మాట అన్నాడు: “ఆదివారం కోడి తెస్తే వాడు లొట్టలేసుకు తింటాడండీ. అది ఎలా చచ్చిందో ఒక్కసారైనా చూడనివ్వండి.”

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. మాది దెందులూరు. కోడికూర లేని ఆదివారం మా ఇంట్లో ఆదివారం కాదు. కోసేవాడు వేరు, కొనేవాళ్ళం మనం. ఆ ఒక్క తేడా చూసుకుని మనం అహింసాపరులమని మురిసిపోవడం నాకెప్పుడూ కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

సరే, వాళ్ళ పద్ధతి ఎలాంటిదో కనుక్కున్నాను. ఆ రాష్ట్రంలో 1973 జనవరి 1న గాని, ఆ తర్వాత గాని పుట్టిన వాళ్ళెవరైనా లైసెన్సు కొనుక్కోవాలంటే వేట పాఠాలు చదివి పరీక్ష ప్యాసవ్వాలి. ప్యాసయ్యాక కూడా పన్నెండు పదమూడేళ్ళ పిల్లలు పెద్దవాళ్ళ పక్కనే ఉండాలి. నడుముకి పైన తొడుక్కునే బట్టల్లో సగానికి తక్కువ కాకుండా కళ్ళు చెదిరే నారింజ రంగు ఉండాలి. లేకపోతే మనిషిని చూసి జింక అనుకునే ప్రమాదం. 2016 నుంచి మెరిసే గులాబి రంగు కూడా ఒప్పుకున్నారు. (ఆడవాళ్ళని వేటకి ఆకర్షించడానికని కొందరన్నారట! మనకి గులాబి రంగు చూపిస్తే ఎక్కడికైనా వచ్చేస్తామని మగవాళ్ళ నమ్మకం ఏ దేశంలోనూ పోలేదు కాబోలు.) తండ్రీ కొడుకూ కలిసి చదివి ఇద్దరూ ప్యాసయ్యారు. కొడుక్కే ఎక్కువ మార్కులు.

ఇక మిగిలింది తుపాకి.

ఇక్కడ మా చెల్లెలు నాతో ఒక రహస్యం చెప్పింది. పక్కింటి ముసలాయన తన తుపాకి అరువిస్తానన్నాడట. థర్టీ ఆట్ సిక్స్ అంటారు దాన్ని. ఆ సిక్స్ అంటే 1906. అమెరికా సైన్యం ఆ తూటాని తీసుకున్న సంవత్సరం. పెద్ద జంతువుల్ని కూడా పడగొట్టే జాతి. పేలిస్తే భుజాన్ని గుర్రం తన్నినట్టు తంతుందట.

“మంచిదే కదక్కా! ఒక్కసారి పేలిస్తే వాడే దణ్ణం పెట్టి వచ్చేస్తాడు. ఈయనేమో మెత్తగా పేలే చిన్న తుపాకి కొంటానంటున్నాడు. అసలు నొప్పే పుట్టకపోతే ప్రాణం తియ్యడమంటే వాడికి సెల్‌ఫోన్‌లో ఆటలా ఉండదూ?” అంది.

పాలు మాన్పించడానికి వేపాకు రాసుకునే తల్లి బుద్ధి అది. తీసిపారేసేది కాదు. పిల్లాడి చేతికి ఆయుధం ఇస్తున్నప్పుడు దాని బరువు వాడికి తెలియాలి కదా అన్నది న్యాయమైన మాటే. “రెండు రోజులు ఆగు, కనుక్కుని చెబుతాను” అన్నాను.

కనుక్కోవడమంటే మా మరిది పంపిన వీడియోలు చూడడం. ఏలూరు సెయింట్ థెరిసాలో బి.ఏ. చదివిన మనిషిని, న్యూటన్ మూడో సూత్రాన్ని పదో తరగతితోనే సాగనంపాననుకున్నాను. అది మళ్ళీ వెతుక్కుంటూ వచ్చింది. గుండు ముందుకి దూసుకుపోతే ఆ విసురుకి తుపాకి వెనక్కి తంతుంది. గుండు బరువూ మందూ ఎక్కువైన కొద్దీ తన్ను ఎక్కువ. ఇంతవరకూ ఎవరికైనా తెలుస్తుంది. అసలు తమాషా తర్వాత ఉంది. పిల్లాడు కదా, తేలిక తుపాకి కొందాం అనుకుంటాం చూడండి, అక్కడే పప్పులో కాలేస్తాం. ఒకే తూటా వేసినా తేలిక తుపాకే గట్టిగా తంతుంది. తేలిక రోట్లో దంచి చూడండి, రోకటి దెబ్బకి రోలే ఎగిరెగిరి పడుతుంది. బరువు రోలు కదలదు. అలాగని మరీ బరువైతే పిల్లాడు మోయలేడు, గొట్టం తిన్నగా నిలబెట్టలేడు. వాడు మోయగలిగిన దాంట్లో కాస్త బరువైనది చూసుకోవాలి.

ఇంకొకటి, తుపాకి పొడుగు. చిటికెన వేలి గోరంత మీట ఉంటుందే, అక్కడి నుంచి భుజానికి ఆనే చెక్క చివరి దాకా కొలత పిల్లాడి చెయ్యికి సరిపోవాలి. మనం పెరిగే పిల్లాడని రెండంగుళాలు వదులుగా చొక్కా కుట్టిస్తాం. తుపాకి విషయంలో ఆ పొదుపు పనికిరాదు. పొడుగైతే చెక్క భుజం గుంటలో కుదురుగా కూర్చోక దండ మీదికి జారుతుంది, దెబ్బ అక్కడ తగులుతుంది. దీనికీ ఉపాయం ఉంది. పిల్లల తుపాకుల చెక్క వెనక చిన్న చిన్న బిళ్ళలు అమర్చుకోవచ్చు. పిల్లాడు పెరిగినప్పుడల్లా ఒకటి కలుపుతారు. గౌను అంచు లోపలికి మడిచి కుట్టి, ఏడాదికోసారి విప్పినట్టు. ఇది కనిపెట్టినవాడెవడో వాళ్ళావిణ్ణి చూసే నేర్చుకుని ఉంటాడు!

బోరు నంబర్ల గొడవ కూడా నాకు నచ్చింది. పన్నెండు బోరు పెద్దది, ఇరవై బోరు చిన్నది. ఇదేం లెక్క అనుకున్నాను. ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగితే అది పన్నెండు బోరు. ఇరవై కలిస్తే గాని పౌను తూగకపోతే ఇరవై. అంటే కుట్టుదారం లెక్కే. నంబరు పెరిగిన కొద్దీ సన్నం. కాని ఇరవై బోరులో కూడా జింకని కొట్టే ఒంటి గుండు వేస్తే తన్ను తక్కువేం కాదట. అందుకని చిన్న పిల్లలకి చాలామంది చెప్పేది టూ ఫార్టీ త్రీ అనే రైఫిలు తూటా. వించెస్టర్ కంపెనీ 1955లో తెచ్చింది. పక్కింటాయన దాని తన్నులో ఇంచుమించు సగమే దీని తన్ను. వంద గజాల లోపు జింకకి అది చాలు. ఆ తర్వాత వచ్చిన కొత్త రకాలు కూడా ఉన్నాయి. 2007లో ఒకటి, 2019లో ఒకటి. వాటి జోలికి నేను పోలేదు. చీరల కొట్లో కూడా నేను మూడో బీరువా తెరిపించను.

ఇన్నీ తెలిశాయి గాని మా చెల్లెలి ప్రశ్న అలాగే ఉండిపోయింది. నొప్పి ఉండాలా, అక్కర్లేదా?

ఆ ఆదివారం దెందులూరు వెళ్ళాను. ఏలూరు నుంచి ఎంతలోకి, బస్సెక్కి సర్దుకుని కూర్చునేలోగా వచ్చేస్తుంది. నాన్నగారికి డెబ్బై ఆరు. అరుగు మీద కూర్చుని పేపరు చదువుకుంటున్నారు. మనవడి కోరిక నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు.

“ఎంత తుపాకి?” అన్నారు పేపరు పక్కన పెట్టి.

నాన్నగారు చిన్నప్పుడు కొల్లేటికి వేటకి వెళ్ళేవారని నాకు తెలుసు. ఆయన మేనమామ దగ్గర జోడు గొట్టాల పన్నెండు బోరు ఉండేది. చట్టం రాకముందు రోజులు. పరజల్నీ నీటికోళ్ళనీ కొట్టడం తప్పనుకునే వాళ్ళు కాదు. సంక్రాంతికి అల్లుళ్ళొస్తే కొల్లేటి పిట్టల వేపుడు ఉండాల్సిందే. ఆ తుపాకి మా చిన్నప్పుడు కూడా ఉండేది. ఎన్నికలొచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్లో అప్పజెప్పి రావడం, అయ్యాక తెచ్చుకోవడం, ఇదే దానికి తెలిసిన ప్రయాణం. తాతయ్య పోయాక సర్కారుకి ఇచ్చేశారు. ఇదంతా తెలుసు. కాని నాన్నగారు ఎందుకు మానేశారో మేమెవ్వరం అడగలేదు. చట్టం వచ్చింది కనక మానేశారనే అనుకున్నాం.

“నాకూ పన్నెండేళ్ళే” అన్నారు. “తెల్లారుజామున దోనెలో తీసుకెళ్ళాడు మావయ్య. తుంగలో దోనె ఆపాడు. పరజలు లేచాయి. తుపాకి నా చేతికిచ్చి కొట్టరా అన్నాడు. అది నా అంత పొడుగుంది. పేలిన సంగతి నాకు తెలీదు. దోనెలో వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాను. మగాడివయ్యావురా అల్లుడూ అని మావయ్య ఒకటే నవ్వు. భుజం కమిలి వంకాయ రంగొచ్చింది. అమ్మ వారం రోజులు పసుపు కట్టింది.”

“మరి అప్పుడే మానెయ్యాల్సింది కదా?”

“మగాణ్ణయిపోయాను కదమ్మా, ఎలా మానేస్తాను?” అని ఆగారు. “మానలేదు గాని, అప్పట్నించీ మీట మీద వేలు పడేసరికి కళ్ళు మూసుకునేవాణ్ణి. ఎవరికీ తెలీదు. మావయ్యకీ తెలీదు. కావాలని కాదు, భుజానికి గుర్తుండిపోయింది. కళ్ళు మూసుకుని కొడితే సరిగ్గా తగుల్తుందా? అలాగని తగలకుండానూ పోదు. రెక్కకి తగిలేది, కాలికి తగిలేది. గుర్రపుడెక్కలో పడి టపటపా కొట్టుకునేది. వెతికితే సగం దొరికేవి కావు. ఒక సంక్రాంతికి అలాగే ఒకటి పడింది. పొద్దుగూకే దాకా దోనెవాడూ నేనూ వెతికాం. చప్పుడు వినిపిస్తూనే ఉంది. దొరకలేదు. తర్వాత మళ్ళీ వెళ్ళలేదు.”

కొన్నేళ్ళకి చట్టం వచ్చిందట. ఊళ్ళో అందరూ గొణిగారట, ఈయన తప్ప.

నేనేం మాట్లాడలేదు. నాన్నగారు నలభై ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళాడిన మా అమ్మకి కూడా ఈ సంగతి చెప్పలేదని ఆవిడ మొహం చూస్తే తెలిసింది. కాఫీ గ్లాసులు పట్టుకుని గడప దగ్గరే నిలబడిపోయింది. ఇప్పుడు ఆ కొల్లేటినే 1999లో పక్షుల సంరక్షణ కేంద్రం చేశారు, 2002లో రామ్సార్ జాబితాకెక్కింది. ఆటపాక దగ్గర గూడబాతుల్ని చూడడానికి పిల్లల్ని తీసుకుని పడవెక్కుతున్నాం. నాన్నగారు ఒక్కసారి కూడా మాతో రాలేదు. ఎండ అనేవారు.

ఆ రాత్రి చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పాను. నొప్పి పుడితే పిల్లాడు మానేస్తాడని నువ్వనుకుంటున్నావు, మానకపోతే ఏమవుతుందో ఆలోచించు అన్నాను. పదిమంది మగపిల్లల ముందు భుజం నొప్పి అని చెప్పుకునే కుర్రాడు ఏ ఊళ్ళో ఉన్నాడు? నొప్పి దాచుకుంటాడు, కళ్ళు మూసుకుంటాడు. గుండె పక్కన తగలవలసిన గుండు ఒక జానెడు వెనక్కి, పొట్టలో తగులుతుంది. ఆ జింక అక్కడ పడదు. ఎక్కడికో పోయి గంటల తరబడి కొట్టుకుని చస్తుంది. వాడి భుజానికి పెట్టిన వేపాకు చేదు తాగేది వాడు కాదు. వాడికి తెలియవలసింది భుజంతో తెలియదు. పడినదాని దగ్గరికి నడిచి వెళ్ళి, చేతులు పెట్టి కడుపు శుభ్రం చేసినప్పుడు తెలుస్తుంది. ఆ పని మటుకు వాళ్ళ నాన్న చెయ్యకూడదు, వాడి చేతే చేయించమన్నాను.

చెల్లెలు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “సరే గాని ఆ ఇనప్పెట్టె తాళం నా దగ్గరే ఉంటుంది. తూటాలు వేరే పెట్టెలో. ఆ తాళం కూడా నా దగ్గరే” అంది. ఇప్పుడా రెండు తాళాలూ దాని నల్లపూసల గొలుసుకి పిన్నీసుతో వేళ్ళాడుతున్నాయి. అమెరికాలో ఏ తుపాకి బీరువాకీ ఇంత మర్యాద జరిగి ఉండదు.

టూ ఫార్టీ త్రీయే కొన్నారు, పిల్లల కొలత చెక్కతో. చిన్నవాళ్ళకి అమ్మరు కనక తండ్రి పేరు మీద. దానికంటే ముందు, తన్ను అంటే ఏమిటో తెలియనంత చిన్నదైన ట్వెంటీ టూ తుపాకితో వేసవంతా కాగితాల మీద గురి నేర్పించారు. చెవులకి రెండేసి మూతలు. లోపల ఒకటి, పైన ఒకటి. సగం బెదురు చప్పుడుకేనట, భుజానికి కాదు. వాడికి నేర్పిన ఆవిడ (అవును, ఆడమనిషే) ఒక చిన్న కిటుకు చేసేదట. పిల్లాడికి చెప్పకుండా అసలు తూటాల మధ్య ఒక ఉత్తుత్తి తూటా పెట్టేది. అది పేలదు. పేలుతుందని భయపడేవాడైతే పేలకపోయినా గొట్టం దిగ్గున కిందికి వంగుతుంది, కళ్ళు మూతపడతాయి, దొంగ దొరికిపోతాడు. మొదటిరోజు వీడూ దొరికిపోయాడట. వాడు సిగ్గుపడితే ఆవిడ, “ఇందులో సిగ్గెందుకు, ఇంకో వారం చిన్న తుపాకితోనే కొడదాం” అందట. నాన్నగారికి ఈ సంగతి చెబితే మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నారు. “ఉత్తుత్తి తూటా” అని ఒకసారి తనలో తనే అనుకున్నారు.

వేటకి వెళ్ళే ముందు వాడు తాతయ్యకి వీడియో ఫోను చేసి తుపాకి చూపించాడు. నాన్నగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, “బాగుందిరా. తల తిప్పి నిలబడ్డదాన్ని కొట్టకు. పక్కకి తిరిగేదాకా ఆగు. తిరక్కపోతే ఇంటికొచ్చెయ్. కళ్ళు మాత్రం మూసుకోకు” అన్నారు. వాడికి తెలుగు సగమే వచ్చు. వాళ్ళమ్మ ఇంగ్లీషులో చెప్పబోతే, “అర్థమైంది మమ్మీ, ఐ నో” అన్నాడు విసుగ్గా.

మొదటి రెండు రోజులూ చలిలో కూర్చుని ఉత్త చేతులతో వచ్చారు. ఒకటి కనిపించింది గాని ఎదురుగా నిలబడి వీళ్ళనే చూస్తోందట, పక్కకి తిరగలేదు. మూడో రోజు పొద్దున్న ఒక ఆడజింక. కడుపు శుభ్రం చేసేటప్పుడు వాడు కాసేపు ఏడ్చి, ముక్కు తుడుచుకుని, మళ్ళీ పనిలో పడ్డాడట. మాంసం పొట్లాలు కట్టి, తేదీ రాసి, డీప్ ఫ్రీజులో పెట్టింది మా చెల్లెలు. కొంచెం అల్లం వెల్లుల్లి ఎక్కువ పట్టించి గోంగూరతో వండాలా, మిరియాలతో వేయించాలా అని నన్నడిగింది. గోంగూరే అన్నాను.

ఆ సాయంత్రం వాడు ఫోను చేసేసరికి మాకు తెల్లవారింది. నేను అక్కడే ఉన్నాను. నాన్నగారు ఎంత పెద్దదని అడగలేదు, ఎన్ని గజాల నుంచి కొట్టావని అడగలేదు.

“ఎంత దూరం పరిగెత్తిందిరా?”

“ఫార్టీ స్టెప్స్, తాతయ్యా. నలభై అడుగులు. నేను లెక్కపెట్టాను.”

నాన్నగారు ఫోను నాకిచ్చి, అరుగు దిగి, గేటు వైపు నడిచారు. లెక్కపెట్టుకుంటూ నడుస్తున్నారని పెదాల కదలిక చూస్తే తెలిసింది. కొబ్బరిచెట్టు దాటి కాస్త దూరంలో ఆగారు. అక్కడి నుంచి వెనక్కి తిరిగి అరుగు వంక చూసి, “ఇంతేనా!” అన్నారు.